చెల్లి పాఠాలు

తొందరలో ఆమె ఒక అంతస్తు ఎక్కువ ఎక్కేసింది. చిన్నకూతురి రెండో తరగతి మొదటి అంతస్తులోనే ఉందన్న సంగతి మెట్లెక్కుతున్నప్పుడు గుర్తే రాలేదు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు రెండు గంటలే పర్మిషన్ ఇచ్చాడు. అందులో ముప్పావు గంట బస్సుకే పోయింది. రెండో అంతస్తు వరండాలోకి వచ్చి, ఆయాసం తీర్చుకోవడానికి ఒక్క క్షణం ఆగి, తలెత్తి చూసింది.

వరండా చివర ఐదో తరగతి తలుపు పక్కన ఒక పిల్ల గోడకు వీపు ఆనించి నిలబడి ఉంది. నోట్‌బుక్కును రెండు చేతులతో పొట్టకు అదుముకుని, ఒక కాలి మీద బరువు వేసి, చాలాసేపటి నుంచి అలాగే ఉన్నట్టుంది. ఆ పిల్ల తన పెద్దకూతురేనని ఆమెకు వెంటనే తట్టలేదు. జడలు చూశాక తెలిసింది. పొద్దున బస్సు తప్పిపోతుందన్న కంగారులో ఒకటి పైకి, ఒకటి కిందికి వేసిన జడలు.

లోపల మాస్టారి గొంతు వినిపిస్తోంది. సుద్దముక్క బోర్డు మీద టకటకమంటోంది. పెద్దది తల తిప్పి తల్లిని చూసింది. ఉలిక్కిపడలేదు, ఏడవలేదు. నోట్‌బుక్కు కింద నుంచి వేళ్లు బయటికి తీసి నేలవైపు చూపించింది. చెల్లి క్లాసు కింద ఉంది, అక్కడికి వెళ్లు అన్నట్టు.

వెళ్లి ఆ తలుపు కొట్టాలనుకుంది ఆమె. ఏమని అడగాలో తోచలేదు. కూతురు చూపించిన వైపే వెనక్కి తిరిగి మెట్లు దిగింది.

రెండో తరగతి టీచరమ్మ ఆమెను చూడగానే కుర్చీ జరిపి కూర్చోమంది. "మిమ్మల్ని కంప్లయింట్ చేయడానికి పిలిచాననుకుని హడలిపోయారా? అదేం లేదండీ. మీ పాప వేసవి సెలవుల ముందు గుణింతాలు కూడా పలికేది కాదు. నిన్న కొత్త కథ ఇస్తే తడుముకోకుండా చదివేసింది. ముప్పైమంది పిల్లల్లో అలా చదివేవాళ్లు నలుగురే. ఇంట్లో దగ్గర కూర్చుని చదివిస్తున్నది ఎవరు?"

"నేనేనండీ."

ఆ మాట ఆమె నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. పైనున్న పిల్ల ఇంకా కళ్లలో మెదులుతోంది. పిల్లల్ని పట్టించుకునే తల్లినని టీచరమ్మ చేత అనిపించుకోవాలనిపించింది, అంతే.

"ఫ్యాక్టరీలో నిలబడి పని చేసి వచ్చి కూడానా?" టీచరమ్మ మెచ్చుకోలుగా తల ఊపింది. "శనివారం తల్లిదండ్రుల మీటింగుంది. మీరు ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఎలా కూర్చోబెడతారు, తప్పు చదివితే ఏం చేస్తారు, అవన్నీ. మేం చెబితే ఎవరూ వినరు. మీలాంటి తల్లి చెబితే వింటారు."

ఆమె కాదనలేకపోయింది.

మళ్లీ మెట్లెక్కేసరికి గంట కొట్టారు. పిల్లలు బిలబిలా బయటికి వచ్చారు. వాళ్లలో పెద్దది లేదు, ఎక్కడికి జారుకుందో. మాస్టారు చేతులకంటిన సుద్ద దులుపుకుంటూ ఆమెను ఎగాదిగా చూశారు. ఎవరి తల్లో చెప్పాక ముఖం బిగించారు.

"ఇన్నాళ్లకు వచ్చారు. డైరీలో ఐదుసార్లు రాశాను. ఐదుసార్లూ సంతకం పెట్టి పంపారు తప్ప ఒక్కసారీ రాలేదు. సరే చూస్తున్నారులే అనుకున్నాను. లెక్కల హోంవర్కు పద్దెనిమిది సార్లు ఇచ్చాను. మీ అమ్మాయి ఒక్కటీ చేసి తేలేదు. అడిగితే నోరు విప్పదు. శనివారం ఒక లిస్టు పంపించాలి, మళ్లీ ఐదో తరగతే చదవాల్సిన పిల్లల పేర్లు. ఆ లోపు నోట్‌బుక్కు నా టేబుల్ మీదకు రాకపోతే నేను చేయగలిగింది ఏం లేదు."

"ఏ సంతకాలు సార్?" అని అడగబోయి ఆమె మింగేసింది.

ఆ మధ్యాహ్నమంతా చెకింగ్ టేబుల్ దగ్గర ఆమె చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చొక్కా పరచడం, కాలర్ రెండు కొసలూ కలిపి చూడటం, కఫ్ తిప్పడం, గుండీ లాగడం, వేలాడే దారం కత్తిరించడం. కుట్టు తప్పిన చోట చిన్న ఎర్ర బాణం స్టిక్కరు అంటించి పక్కకు పెట్టడం. గంటకు అరవై చొక్కాలు. పదిహేనేళ్లలో ఆమె కన్నుగప్పి తప్పుడు కుట్టు బయటికి పోయిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చని సూపర్‌వైజరే అంటాడు. ఆ రోజు మాత్రం కాలర్ వంకర పోయిన రెండు చొక్కాలు చివరి టేబుల్ దాకా వెళ్లి వెనక్కొచ్చాయి. సూపర్‌వైజరు వాటిని తెచ్చి ఆమె ముందు పడేసి వెళ్లాడు.

ఇంటికి వచ్చేసరికి ఆరు కావస్తోంది. అక్కాచెల్లెళ్లిద్దరూ గడప దగ్గర చాప మీద ఉన్నారు. చిన్నది చదువుతోంది, పెద్దది స్కేలుతో పై లైను మూసి పట్టుకుంది. తల్లిని చూడగానే స్కేలు తీసేసి లేచింది.

"నీ డైరీ తే."

పెద్దది తెచ్చి ఇచ్చింది. ఆమె నిలబడే పేజీలు తిప్పింది. ఎర్ర సిరాతో మాస్టారి రాత, దాని కింద తన సంతకం. కింద గీత, గీత చివర రెండు చుక్కలు, అచ్చంగా తనదే. ఐదో సంతకం తను పెట్టేదానికన్నా బాగుంది.

"ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఎందుకు?"

పెద్దది చేతిలోని స్కేలు తిప్పుతోంది. ఆమె చెయ్యి పైకి లేచింది. చిన్నది చటుక్కున లేచి అక్క నడుము పట్టుకుని ముందుకొచ్చింది.

"అక్కని కొట్టకు. ఇంకా రెండు పేజీలున్నాయి."

లేచిన చెయ్యి అలాగే ఆగి, నెమ్మదిగా కిందికి దిగింది. ఆమె చాప మీద కూలబడింది. పిల్లలు బడి నుంచి నాలుగింటికి వస్తారు. తాళం తీసేది పెద్దది. చెల్లి బట్టలు మార్చి, తినడానికి పెట్టి, పక్కన కూర్చోబెట్టుకుని చదివించేది పెద్దది. ఆ తర్వాత ఆరేసిన బట్టలు తీసి మడతపెట్టాలి, నీళ్లు పట్టాలి. ఇదంతా ఎవరు పెట్టిన పద్ధతి? "ముందు చెల్లిది చూడమ్మా, నీది తర్వాత చూసుకుందువుగాని, నువ్వు పెద్దదానివి కదా" అని స్కూళ్లు తెరిచిన రోజున చెప్పింది తనే. ఆ తర్వాత పెద్దదాని పుస్తకం తెరిచి చూసిన రోజు ఒక్కటైనా గుర్తుకు రాలేదు.

ఇక ఆమెకు అంతా తేటతెల్లమైనట్టే అనిపించింది. పిల్లకు టైము లేదు. చెల్లి చదువు కోసం అక్క చదువు పోయింది. తప్పు తనదే.

"రేపటి నుంచి చెల్లిని నేను చదివిస్తాను," అంది. "నువ్వు ఇంటి పని ఏదీ ముట్టుకోవద్దు. లోపల కూర్చుని ఆ పద్దెనిమిదీ రాసెయ్. శుక్రవారానికల్లా అయిపోవాలి."

పిల్ల ముఖం విప్పారుతుందనుకుంది. పెద్దది చేతిలోని స్కేలు వైపు చూస్తూ ఉండిపోయింది. "చెల్లికి నేనైతేనే..." అని ఏదో అనబోయింది.

"చెప్పానా, నేను చూసుకుంటానని."

పెద్దది స్కేలును చెల్లి పుస్తకంలో పెట్టి లోపలికి వెళ్లింది.

బుధవారం ఆమె టీ కూడా తాగకుండా చిన్నదాన్ని పట్టుకుని కూర్చుంది. పది నిమిషాల్లో ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. చిన్నది ప్రతి మాట దగ్గరా ఆగి ఆమె ముఖంలోకి చూసేది. ఆమె ఊరుకోలేక మాట అందించేది. ఆ తర్వాత చిన్నది చదవడం మానేసి, ఆమె అందించేదాకా ఎదురుచూడటం మొదలుపెట్టింది.

"చదువు."

"నువ్వు చెప్పేస్తున్నావుగా."

"సరే, చెప్పను. చదువు."

చిన్నది కాలివేళ్లతో చాప అంచు పీకింది. "అక్క ఇలా చెప్పదు. అక్క తప్పు చదువుతుంది, నేను దిద్దుతాను. అక్కకి చాలా తప్పులు వస్తాయి తెలుసా?"

వంటగదిలో గిన్నెలు తోముతున్న తండ్రి పకపకా నవ్వాడు. రోజంతా సిటీ బస్సు నడిపి వచ్చిన మనిషి. ఈ వారం గిన్నెల బాధ్యత అతనిదేనని, అతను ఇంట్లో అడుగు పెట్టగానే భార్య చెప్పేసింది, మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. "నువ్వు చొక్కాలు చెక్ చేసినట్టు చెక్ చేస్తున్నావు దాన్ని," అన్నాడు.

"మీరొచ్చి చదివించండి అయితే."

"నాకు గిన్నెలున్నాయి," అన్నాడు గంభీరంగా.

గురువారం ఇంకా కష్టమైంది. 'నక్షత్రం' అన్న మాట దగ్గర చిన్నది మొండికేసింది. 'నక' అనడం, ఆగడం. మళ్లీ 'నక' అనడం, ఆగడం. ఆమె గొంతు పెరిగింది. చిన్నదాని కింది పెదవి వణికింది. అప్పుడు లోపలి గదిలోంచి మెల్లగా వినిపించింది. "ముక్కలు చెయ్యి. న. క్ష. తర్వాత తోకున్న త."

"న, క్ష, త్రం," అంది చిన్నది ఠక్కున. "నక్షత్రం."

"నీ పని నువ్వు చూసుకో," అని ఆమె లోపలికి కేకేసింది.

కాసేపాగి ఆమె తలుపు సందులోంచి తొంగి చూసింది. పెద్దది నోట్‌బుక్కు మీద వంగి స్కేలుతో ఎర్ర మార్జిను గీస్తోంది. రాస్తోందిలే, పర్వాలేదు అనుకుంది. కానీ శనివారం మీటింగు గుర్తొచ్చింది. తప్పు చదివితే ఏం చేస్తారు, అని అడుగుతుంది టీచరమ్మ. కేకలేస్తాను, అని చెప్పాలి.

శుక్రవారం సూపర్‌వైజరుతో బతిమాలి ఒక గంట ముందు బయటపడింది. రేపు సగం రోజు సెలవు కావాలంటే అతను మొహం మాడ్చుకున్నాడు. "వారంలో మూడుసార్లా? అక్కడ నీ కూతురు చదువుతోందా, నువ్వా?" అన్నాడు. ఆమె చీటీ ముందుకు జరిపింది. అతను సంతకం చేశాడు.

ఇల్లు చేరగానే నేరుగా లోపలికి వెళ్లి నోట్‌బుక్కు అందుకుంది. పెద్దది ఇవ్వడానికి ఇష్టపడనట్టు ఒక క్షణం పట్టుకుని, వదిలేసింది.

మొదటి పేజీ తీసింది. పైన తేదీ, పక్కన ఎర్ర మార్జిను, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో మొదటి లెక్క. దాని కింద ఖాళీ. రెండో లెక్క. ఖాళీ. ఆమె పేజీలు గబగబా తిప్పింది. పద్దెనిమిది తేదీలు, పద్దెనిమిది మార్జిన్లు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఎక్కించిన లెక్కలు, ఒక్కొక్క దాని కిందా ఐదేసి గీతల ఖాళీ జాగా.

"మూడు రోజులు. మూడు రోజులు లోపల కూర్చుని ఏం చేశావు నువ్వు?"

పెద్దది గోడను చూస్తోంది.

"నీ కోసం నాన్న గిన్నెలు తోముతున్నాడు. నీ కోసం నేను సూపర్‌వైజరు కాళ్లావేళ్లా పడి సెలవు పెట్టాను. టైము లేదు, టైము లేదు అనుకున్నాను. టైమిస్తే చేసింది ఇదా? రేపు నీ పేరు లిస్టులో పోతుంది, తెలుసా?"

"తెలుసు."

"మరెందుకు చేయలేదు?"

"నాకు రావు."

అంత చిన్న మాట. ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"రాకపోతే అడగొచ్చుగా. మాస్టార్నయినా, నన్నయినా."

"మొదటి రోజే అడిగాను. అది నాలుగో తరగతిలోనే రావాలి, ఇంకా రాలేదా అన్నారు. అందరూ నవ్వారు." పెద్దది చేతి గోళ్లు చూసుకుంటూ చెప్పుకుపోయింది. గొంతులో ఏడుపు లేదు, ఎవరి సంగతో చెబుతున్నట్టుంది. "తర్వాత అన్నీ దాని మీద వచ్చాయి. ఏదీ రాలేదు. బయట నిలబెడితే ఇంకా రాలేదు."

"మరి చెల్లికి ఎలా చెప్పావే? అంత బాగా ఎలా చెప్పావు?"

"చెల్లి దగ్గర నాకు అన్నీ వస్తాయి," అంది పెద్దది. "నువ్వు అది కూడా తీసేసుకున్నావు."

ఆమె మంచం అంచు మీద కూర్చుంది. మూడు రోజులుగా ఆ పిల్ల నెత్తి మీది మూట దించాననుకుంటోంది తను. తలుపు సందులోంచి చూసిన వంగిన వీపు గుర్తొచ్చింది. బడిలో వరండా, ఇంట్లో ఈ గది. మధ్యలో ఆ చాప మీద రెండు గంటలు మాత్రమే పిల్ల తలెత్తుకుని కూర్చునేది. దాన్ని తనే లాక్కుంది, పైగా మంచి చేస్తున్నానని.

ఏడవడానికైనా ఇది టైము కాదనిపించింది. ముఖం తుడుచుకుని నోట్‌బుక్కు మొదటి పేజీకి తిప్పింది. "ఈ మొదటి రోజువి తొమ్మిదున్నాయి. వీటి పాఠం ఎక్కడుంది?"

పెద్దది పాఠ్యపుస్తకం తెచ్చింది. భిన్నాలు. రెండో వంతుకు మూడో వంతు కలపాలి. ఆమె ఒకసారి చదివింది, మళ్లీ చదివింది. తను చదివింది ఏడో తరగతి వరకే, అది కూడా ఎప్పటి మాట. అప్పుడే ఇంటికి వచ్చిన భర్తను పిలిచింది. అతను పుస్తకాన్ని దూరంగా పట్టి చూశాడు, దగ్గరగా పట్టి చూశాడు.

"మా రోజుల్లో భిన్నాలు ఇంత చిన్నగా ఉండేవి కావు," అని పుస్తకం తిరిగి ఇచ్చేసి, చిన్నదాన్ని భుజానికెత్తుకున్నాడు. "మనం నక్షత్రం చదువుకుందాం పద. నాకూ సరిగ్గా రాదు, నువ్వే దిద్దాలి."

గదిలో తల్లీ కూతుళ్లు మిగిలారు. ఆమె పెన్సిలు తీసుకుని పాత కాగితం మీద వేసింది. "పైన ఒకటీ ఒకటీ రెండు. కింద రెండూ మూడూ ఐదు. రెండు బై ఐదు. ఇంతేగా? ఇందులో రాకపోవడానికి ఏముంది?"

పెద్దది కాగితం వైపు తల వంచింది. "అలా కాదమ్మా. సగం కన్నా తక్కువ వచ్చింది నీకు."

"అయితే?"

"సగానికి ఇంకొంచెం కలిపావు. తక్కువెలా అవుతుంది?"

ఆమె పెన్సిలు ఆపింది. కావాలని చేసిన తప్పు కాదు అది, నిజంగానే చేసింది. పెద్దది ఆమె ముఖంలోకి చూసి ఆ సంగతి కనిపెట్టింది. వారంలో మొదటిసారి పిల్ల నోటి అంచు కాస్త కదిలింది.

"నీకూ రాదా?"

"రాదు. ఎవరితోనూ అనకు."

ఆమె లేచి పాత క్యాలెండరు కాగితాన్ని పొడుగ్గా ఒక పట్టీలా చింపింది. మడత పెట్టడం ఆమెకు చేతనైన పని. మూడు భాగాలుగా మడిచి, గోరుతో నొక్కి, దాన్ని మళ్లీ సగానికి మడిచింది. విప్పితే ఆరు గళ్లు సమానంగా వచ్చాయి. "సగమంటే ఎన్ని గళ్లు?"

"మూడు."

"మూడో వంతంటే?"

పెద్దది వేలితో లెక్కపెట్టింది. "రెండు." కాసేపు ఊపిరి బిగబట్టింది. "ఐదు గళ్లు. ఆరింట్లో ఐదు."

పుస్తకం వెనక జవాబు చూశారు. ఐదు బై ఆరు.

ఆ తర్వాత లెక్కలు అంత తేలిగ్గా లొంగలేదు. ఎనిమిదో వంతులు వచ్చేసరికి పట్టీలు నలిగిపోయాయి. ఒకచోట ఇద్దరూ వాదులాడుకున్నారు, ఒకచోట పెద్దది పెన్సిలు విసిరేసి మళ్లీ తనే తెచ్చుకుంది. ఎంతకీ తేలని వాటికి, జవాబు చూసి రాసేద్దామా అన్నట్టు వెనక పేజీ వైపు చెయ్యి పోనిచ్చింది.

"వద్దు," అంది ఆమె. "నీకు వచ్చిందే రాయి."

భోజనాల వేళకు తొమ్మిదీ రాసింది. మిగతా పదిహేడు రోజులవీ ఖాళీగానే ఉన్నాయి.

శనివారం పొద్దున బడికి వెళ్లేసరికి మీటింగుకు ఇంకా అరగంట టైముంది. ఆమె పెద్దదాన్ని వెంటబెట్టుకుని నేరుగా రెండో అంతస్తుకు వెళ్లింది. తరగతిలో మాస్టారు ఒక్కరే ఉన్నారు. టేబుల్ మీద ఒక కాగితం, అందులో మూడు పేర్లు. మూడోది తన కూతురిదేనని ఆమె తలకిందులుగానే చదువుకుంది.

నోట్‌బుక్కు ఆయన ముందు పెట్టింది. ఆయన పేజీలు తిప్పారు. "పద్దెనిమిదన్నాను. ఇది ఒక్కటే ఉంది."

"ఒక్కటే అయింది సార్. ఇంకో మాట చెప్పాలి. ఆ డైరీలో సంతకాలు నావి కావు. మీరు రాసింది ఏదీ నాకు అందలేదు. అది మా పిల్ల చేసిన తప్పు. దాని పుస్తకం తెరిచి చూడకపోవడం నా తప్పు." ఆమె ఆగింది. తర్వాతి మాట బస్సులో వస్తూ పదిసార్లు అనుకుంది. "బయట నిలబెడితే లోపల చెప్పిన లెక్క ఎలా వస్తుంది సార్?"

పెద్దది భయంగా తల్లి చెంగు పట్టుకుంది. మాస్టారు కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. కోపగించుకుంటారనుకుంది ఆమె. ఆయన కళ్లు నులుముకున్నారు. ఆ తర్వాత కళ్లజోడు మళ్లీ పెట్టుకుని ఎర్ర పెన్ను అందుకున్నారు.

మొదటి దానికి టిక్కు. రెండోదానికి టిక్కు. మూడోది కొట్టేశారు. పెన్ను వెళ్తున్న వైపే పెద్దదాని కళ్లు వెళ్తున్నాయి. ఆయన చివరి దాకా వచ్చి లెక్కపెట్టారు.

"నాలుగు కరెక్టు. ఐదు తప్పు."

ఆమె చెంగు వదిలి పెద్దది ఒక అడుగు ముందుకు వేసింది.

"ఏ ఐదు సార్?"

మాస్టారు తలెత్తి ఆ పిల్లను చూశారు. "ఖాళీ కాగితం మీద ఇన్నాళ్లూ నేనేం దిద్దను చెప్పు?" అన్నారు. మందలింపులా మొదలైన మాట చివరికి వచ్చేసరికి మెత్తబడింది. టేబుల్ మీది లిస్టు తీసి, మడిచి, సొరుగులో పడేశారు. "నెలాఖరు దాకా ఇది నా దగ్గరే ఉంటుంది. సోమవారం నుంచి బడి అయ్యాక అరగంట ఇక్కడే కూర్చోవాలి. నెలాఖరుకు చూద్దాం. అప్పటికీ రాకపోతే పంపక తప్పదు, అది మాత్రం ఇప్పుడే చెబుతున్నాను." పక్కనున్న స్టూలు కాలితో దగ్గరికి లాగారు. "కూర్చో. మూడోది చూడు. కింద ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చింది నీకు?"

పెద్దది కూర్చుంది. రెండు తలలూ నోట్‌బుక్కు మీదకు వంగాయి. తను ఇంకా అక్కడే ఉన్న సంగతి ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు. ఆమె చప్పుడు కాకుండా బయటికి వచ్చింది.

కింద రెండో తరగతి గది నిండిపోయి ఉంది. చిన్నపిల్లల బల్లల్లో పెద్దవాళ్లు మోకాళ్లు మడుచుకుని ఇరుక్కుని కూర్చున్నారు. మూడో వరసలో భర్త, అతని ఒళ్లో చిన్నది. టీచరమ్మ ఆమెను చూడగానే నవ్వుతూ లేచి, ఇంట్లో పిల్లల్ని చదివించడమెలాగో ఈవిడ చెబుతారని అందరికీ చెప్పి పక్కకు జరిగింది.

ఆమె బోర్డు ముందు నిలబడింది. ముప్పైమంది ముఖాలు ఆమె వైపు తిరిగాయి.

"ఆ రోజు నేనే అని చెప్పాను టీచర్. అబద్ధం చెప్పాను," అంది. "మా చిన్నదానికి చదవడం నేర్పింది నేను కాదు. నేను రెండు రోజులు ప్రయత్నించి చేతులెత్తేశాను. నేర్పింది మా పెద్దమ్మాయి, ఐదో తరగతి."

టీచరమ్మ ముఖంలో నవ్వు ఆగిపోయి, తికమక వచ్చింది. వెనక వరసలో ఎవరో, "అయితే ఆ అమ్మాయినే పిలవండి, చెబుతుంది," అన్నారు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు కుదరదండీ," అంది. "పైన పాఠంలో ఉంది. అయ్యేదాకా మీరు కాస్త ఆగాలి."